పెట్టె పోతే పోనీండి, పటమైనా ఇవ్వండి

ఇరవయ్యేళ్ళ తరువాత రేడియో విమానాల మీదికి మళ్ళీ మనసు పోయింది. నాకు కావలసిన కిట్లన్నిటికీ ఒకటే జవాబు: తయారీ ఆగిపోయింది. గ్రేట్ ప్లేన్స్, టాప్ ఫ్లైట్ పేర్లతో కిట్లు అమ్మిన అమెరికా సంస్థ హాబికో 2018 జనవరిలో దివాలా పిటిషను వేసింది. ఆ పేర్లు ఆ ఏడే చేతులు మారాయి. ఇది ఒక్క సంస్థ కథ కాదు. ఎక్కడైనా తెరవని పాత పెట్టె కనిపిస్తే, దాని ధర విని నోరు తెరవవలసిందే.

“రెక్కలు బిగిస్తే ఎగిరే రెడీమేడ్ విమానాలుండగా ఈ కర్రముక్కల గోల ఎందుకు?” అంటారు కొందరు. అయ్యా! బాల్సా పలకలు కోసి, రెక్కలోని పక్కటెముకలు ఒక్కొక్కటే అతికించి, పైన పల్చని పొరను ఇస్త్రీపెట్టెతో బిగించినవాడికి ఏ ముక్క ఏ బరువు మోస్తుందో తెలుస్తుంది. విమానం కూలితే వాడు మళ్ళీ నిలబెట్టుకోగలడు. కట్టడం ఎరుగనివాడు మరో పెట్టె కొనుక్కోవలసిందే.

గిట్టుబాటు కాకపోతే తయారీ ఆపండి, కాదనను. కాని పూర్తి కొలతల పటాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం ఏం న్యాయం? పటమిస్తే చాలు, కర్ర మేమే కోసుకుంటాం. తాము అమ్మరు, మమ్మల్ని కట్టుకోనివ్వరు. గడ్డివాము దగ్గర కుక్క సామెత ఇటువంటి వారి కోసం పుట్టిందే కదా, ఏమంటారు?