మదనపల్లె టమాటా రేటు, గూగుల్ మొదటి పేజీ: కొత్త సైట్లను ముంచుతున్నది యాడ్లా, లింకులా?

మదనపల్లె మార్కెట్ యార్డులో వేలం మొదలయ్యే వేళకు చుట్టుపక్కల మండలాల రైతులు ఫోన్లో వెతికే మాట ఒకటే: ఈ రోజు టమాటా రేటు ఎంత? 2023 జూలై చివర్లో ఇక్కడ కిలో ధర 200 రూపాయల దరిదాపులకు పోయినప్పుడైతే రైతులే కాదు, దూరంగా ఉన్న వార్తా చానళ్లు కూడా మదనపల్లె పేరును పదే పదే చెప్పాయి.

ఇలాంటి ఒకే విషయం మీద చిన్న వెబ్‌సైట్ పెడదామనే ఆలోచన మన ఇళ్లలో చదువు ముగించుకున్న పిల్లలకు రావడం సహజమే. మదనపల్లెలో ఉంటే టమాటా రేట్లు, పుంగనూరులో ఉంటే ఊరి పేరు మోసే పొట్టి ఆవులు, కుప్పంలో ఉంటే బెంగళూరు రైళ్లు, అక్కడి ఉద్యోగాలు. డబ్బు పెట్టుబడి తక్కువే. డొమైన్‌కు, హోస్టింగ్‌కు ఏడాదికి కొన్ని వేలు. అసలు పెట్టుబడి నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుని పడే మెహనత్. ఇంట్లో అబ్బా అడిగేది మాత్రం ఒకే ప్రశ్న: "దీంట్లో రూపాయి వస్తుందా బేటా?"

రూపాయి రావాలంటే యాడ్లు పెట్టాలి. లేదంటే లింకులకు డబ్బు తీసుకోవాలి. అక్కడే భయం మొదలవుతుంది. యాడ్ పెడితే గూగుల్ కిందికి తోసేస్తుందని కొందరు, బయటి సైట్లకు లింకు ఇస్తే మన బలమంతా వాళ్లకు పోతుందని కొందరు చెబుతుంటారు. యూట్యూబ్‌లో దీని మీద వీడియోలకు కొదవ లేదు. సగం నిజం, సగం అపోహ. ఆ సగాలను విడదీసి చూడకపోతే పిల్లల మెహనత్ గాలికి పోతుంది.

ముందు యాడ్ల సంగతి. తెలుగు పేజీలకు గూగుల్ యాడ్‌సెన్స్ వచ్చింది 2018లో. యాడ్‌సెన్స్ ఉన్నంత మాత్రాన ర్యాంకు పెరగదు, తగ్గదు అని గూగుల్ మొదటి నుంచీ చెబుతున్న మాట. దీన్ని నమ్మొచ్చు. యాడ్లున్న సైట్లను కింద పడేస్తే సగం ఇంటర్నెట్ కింద పడాలి, గూగుల్ సొంత ఆదాయమూ పడాలి కదా. కానీ గూగుల్ ఇంకో మాట కూడా చెప్పింది, 2012 జనవరిలో. పేజీ తెరవగానే మొదటి తెరలో విషయం కనబడక యాడ్లే నిండి ఉంటే ఆ పేజీ వెనక్కి పోవచ్చు అని. పేజీ అమరిక మీద తెచ్చిన ఆ మార్పునే ఈ రంగంలోవాళ్లు "టాప్ హెవీ" అని పిలుస్తారు. అంటే గూగుల్ చూసేది యాడ్ ఉందా లేదా అని కాదు. మనిషి వచ్చిన పని ఆ యాడ్ వల్ల ఆగిపోయిందా అని.

ఇది మామూలు ఫోన్ మీద లెక్క వేసి చూడండి. చాలా ఫోన్లలో పేజీకి దొరికే జాగా సుమారు 360 పిక్సెళ్ల వెడల్పు, 640 ఎత్తు. యాడ్లలో బాగా వాడే సైజు 300 వెడల్పు, 250 ఎత్తు. ఒక్క యాడ్ పైన పెడితేనే తెర ఎత్తులో దాదాపు 39 శాతం పోయింది. సైట్ పేరు, మెనూ, పెద్ద హెడ్డింగు కలిపితే టమాటా రేటు తెర కిందికి జారిపోతుంది. రైతు వచ్చింది ఆ ఒక్క అంకె కోసం. అది కనబడకపోతే వెనక్కి పోయి ఇంకో సైట్ తెరుస్తాడు. అదే యాడ్‌ను రేట్ల పట్టిక కింద పెడితే ఏ గొడవా లేదు.

రెండో నష్టం కంటికి కనబడేది. మనవాళ్లకు సహరీ, ఇఫ్తార్ టైములు చూసే పేజీలు బాగా అనుభవం. తెల్లవారుజామున నిద్రకళ్లతో పేజీ తెరుస్తాం, టైము కనబడుతుంది, వేలు పెట్టబోయేలోగా పైన ఒక యాడ్ వచ్చి పడి పేజీ అంతా కిందికి దూకుతుంది. వేలు పోయి యాడ్ మీద పడుతుంది. ఈ దూకుడును గూగుల్ కొలుస్తుంది. 2021 నుంచి ర్యాంకులో లెక్కకు తీసుకుంటున్న "కోర్ వెబ్ వైటల్స్"లో ఇదొకటి, స్కోరు 0.1 దాటకూడదు. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి అనేది ఇంకొకటి. వేలు పెట్టాక పేజీ 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి అనేది 2024 మార్చిలో చేరింది. ఇవి ర్యాంకును తలకిందులు చేసేంత పెద్దవి కావు. విషయం బాగుంటే కొంచెం నెమ్మదైన పేజీ కూడా పైకి వస్తుంది. అయితే ఒకే రకం సమాచారం ఇచ్చే పది సైట్లున్న చోట చిన్న తేడా కూడా పనిచేస్తుంది. టమాటా రేటు విషయంలో పోటీ అలాంటిదే, అంకె అందరి దగ్గరా ఒకటే.

యాడ్ వచ్చే చోటుకు ముందుగానే 250 పిక్సెళ్ల ఖాళీ వదిలితే దూకుడు ఆగిపోతుంది. రెండు లైన్ల కోడ్. అయినా చాలామంది చేయరు.

క్రోమ్ బ్రౌజర్‌ది ఇంకో లెక్క. "బెటర్ యాడ్స్" ప్రమాణాల ప్రకారం ఫోన్లో అసలు విషయం ఉన్న భాగం ఎత్తులో యాడ్లు 30 శాతం మించకూడదు. ఆ భాగం మొత్తం 1200 పిక్సెళ్ల ఎత్తు ఉండి, అందులో 250 ఎత్తున్న యాడ్లు రెండు ఉంటే 500, అంటే దాదాపు 42 శాతం. పదే పదే హద్దు దాటే సైట్లలో క్రోమ్ 2018 ఫిబ్రవరి నుంచి యాడ్లనే ఆపేస్తోంది. ఇది ర్యాంకు శిక్ష కాదు, ఆదాయం శిక్ష. చిన్న పేజీలో రెండు యాడ్లు కుక్కితే ఏమవుతుందో చూశారుగా. తెర మొత్తాన్ని కప్పేసే పాప్-అప్ విషయం వేరు. గూగుల్ నుంచి ఫోన్లో పేజీకి వచ్చిన మనిషికి అది అడ్డం పడితే ర్యాంకు మీదే దెబ్బ పడొచ్చు, 2017 జనవరి 10 నుంచి ఆ నియమం ఉంది.

2023 సెప్టెంబరులో గూగుల్ చేసిన "హెల్ప్‌ఫుల్ కంటెంట్" మార్పు తర్వాత ప్రపంచమంతటా ఒకే విషయం మీద నడిచే చిన్న సైట్లు చాలా కుప్పకూలాయి. గాలి శుద్ధి చేసే యంత్రాలను స్వయంగా పరీక్షించి రాసే హౌస్‌ఫ్రెష్ లాంటి సైట్ కూడా గూగుల్ నుంచి వచ్చే పాఠకుల్లో ఎక్కువ మందిని పోగొట్టుకుంది. ఆ రోజుల్లోనే సైరస్ షెపర్డ్ అనే ఎస్‌ఈఓ నిపుణుడు 50 సైట్లను పోల్చి చూశాడు. పడిపోయిన వాటిలో తెర అడుగున అతుక్కుని కదలని యాడ్లు, వెంట వచ్చే వీడియో యాడ్లు ఎక్కువ కనబడ్డాయి. నిలిచిన వాటిలో స్వయంగా చూసి, చేసి రాసిన అనుభవం ఎక్కువ. యాడ్లే కారణమని దీనితో తేలదు. డబ్బు కోసం తొందరగా కట్టిన సైట్‌కు యాడ్లూ ఎక్కువ ఉంటాయి, లోపల సరుకూ పలచగా ఉంటుంది. రెండూ కలిసే వస్తాయి. నా అంచనా మాత్రం ఇది: పలచని సైట్‌ను యాడ్లు ఇంకా పలచగా చూపిస్తాయి.

కొత్త సైట్‌కు పాత పేరు లేదు, దాని గురించి రాసినవాళ్లు లేరు, రోజూ వచ్చేవాళ్లు లేరు. పెద్ద పత్రిక సైట్‌లో యాడ్లు విసుగు పుట్టించినా జనం ఓర్చుకుంటారు. కొత్తదానికి ఆ ఓర్పు ఎవరూ చూపరు. పైగా మొదటి నెలల్లో యాడ్ల నుంచి వచ్చేదీ ఏమీ ఉండదు. యాడ్‌సెన్స్ ఖాతాలో 100 డాలర్లు నిండేదాకా డబ్బు చేతికి రాదు. రోజుకు యాభై మంది చూసే తెలుగు పేజీకి ఆ వంద నిండడానికి ఎన్నాళ్లు పడుతుందో మీరే ఊహించండి. కాబట్టి "మొదట్లో యాడ్లు వద్దు" అనే సలహా సరైనదే, కారణం మాత్రం గూగుల్ భయం కాదు. వచ్చే నాలుగు పైసల కోసం వచ్చిన యాభై మందిని ఎందుకు తరిమేయాలి?

ఇంకో విషయం కుటుంబంగా ఆలోచించాల్సింది. యాడ్‌సెన్స్ దొరకని సైట్లు పాప్-అప్ నెట్‌వర్కుల వైపు పోతాయి. అక్కడ వచ్చేవి బెట్టింగు, రమ్మీ, లోన్ యాప్‌లు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద చట్టం సవరించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో ఇలాంటి ఆటలను ప్రచారం చేసేవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. హలాల్ సంపాదన అన్న పట్టింపు ఉన్న ఇంట్లో ఆ యాడ్ ఎలాగూ వద్దనుకుంటారు, ఇప్పుడు చట్టం కూడా అదే అంటోంది. యాడ్‌సెన్స్‌లోనైతే డేటింగు, తొందరగా డబ్బు వచ్చే స్కీములు లాంటి కేటగిరీలను మనమే ఆపేసుకోవచ్చు. సైట్ పెట్టిన రోజే ఆ సెట్టింగు చూసుకోండి.

ఇక లింకులు. గూగుల్ పుట్టిందే లింకుల మీద. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో రాసిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో ఒక పేజీ ఇంకోదానికి ఇచ్చే లింకు ఓటు లాంటిది. అందుకే "లింకు ఇస్తే నా ఓటు పోతుంది" అనే భయం. మీరు ఓటు వేస్తే మీకు పడ్డ ఓట్లు తగ్గుతాయా? తగ్గవు. కొందరు తెలివిగా బయటి లింకులన్నింటికీ "నోఫాలో" అని గుర్తు పెట్టి బలాన్ని లోపలే దాచుకుందామని చూశారు. అలా దాచినా మిగతా లింకులకు ఏమీ కలిసిరాదని గూగుల్ ఇంజనీరు మాట్ కట్స్ 2009లోనే చెప్పాడు.

దీని మీద ఒక చిన్న ప్రయోగం ఉంది. రీబూట్ అనే బ్రిటన్ సంస్థ 2016లో ఫలితాలు బయటపెట్టింది. పది కొత్త సైట్లు, అన్నింటిలో ఒకేలాంటి రాత, ఎవరూ వాడని ఒక కల్పిత పదం. ఐదింటిలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి వాటికి లింకులు పెట్టారు, ఐదింటిలో పెట్టలేదు. ఆ పదం వెతికితే లింకులున్న ఐదూ పైన వచ్చాయి. పోటీ లేని పదం, పది సైట్లు మాత్రమే, కాబట్టి దీన్ని తిరుగులేని రుజువు అనలేం. కానీ మంచి చోటుకు లింకు ఇస్తే కొత్త సైట్ మునిగిపోతుంది అనే మాటకు ఇది పూర్తిగా ఎదురు.

మన ఊళ్ల లెక్కలో చూస్తే, టమాటా రేటు రాసేవారు కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌కు లింకు ఇస్తే రైతు సరిచూసుకుంటాడు. సరిచూసుకున్నవాడు రేపు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు, ఎందుకంటే ఆ సర్కారు సైట్‌లో వెతుక్కోవడం కష్టమని అతనికి తెలుసు. కుప్పం రైళ్ల పేజీ నుంచి రైల్వే వారి ఎన్‌టీఈఎస్‌కు లింకు ఇవ్వకుండా పాత టైమ్‌టేబుల్ అతికిస్తే, రైలు తప్పిపోయినవాడు ఆ పేజీని తిట్టుకుంటాడు.

పుంగనూరు ఆవుల సైట్‌కు వచ్చే ఇబ్బంది వేరు. పలమనేరు పశు పరిశోధన కేంద్రం గురించి రాసి, అక్కడి సమాచారానికి లింకు ఇస్తే అది సమాచారం. దూడలు అమ్మేవాడు డబ్బిచ్చి తన సైట్‌కు లింకు పెట్టమంటే అది యాడ్. సైట్ కాస్త కనబడడం మొదలవగానే మెయిళ్లు వస్తాయి: "మీ సైట్‌లో ఒక వ్యాసం వేస్తాం, ఒక లింకు చాలు, డబ్బు వెంటనే." వ్యాసం అమాయకంగా ఉంటుంది, లింకు పోయేది ఏ క్యాసినోకో. కొత్త సైట్ పెట్టిన కుర్రాడికి మొదటిసారి కంటికి కనబడే డబ్బు ఇదే, అందుకే కాదనడం కష్టం.

ఇక్కడ మాత్రం గూగుల్ కఠినం. డబ్బుతో కొన్న లింకుల కారణంగా 2012 జనవరిలో తన సొంత క్రోమ్ పేజీనే 60 రోజులకు కిందికి దించుకుంది. 2016 ఏప్రిల్‌లో వంతు అవతలివైపు వచ్చింది. ఉచిత వస్తువులు తీసుకుని కంపెనీలకు లింకులిచ్చిన రచయితల సైట్ల మీదే చర్య తీసుకుంది. డబ్బుతో ఇచ్చిన లింకుకు "స్పాన్సర్డ్" అనే గుర్తు పెట్టమని 2019 సెప్టెంబరు నుంచి చెబుతోంది. గుర్తు పెడితే తప్పు లేదు, పాఠకుడికి కూడా ఇది యాడ్ అని రాయాలి. గుర్తు పెట్టొద్దని లింకు కొనేవాడు పట్టుబడితే అతనికి కావాల్సింది యాడ్ కాదు, మీ పేరు. సైట్‌లో ఒక మూలను పూర్తిగా వేరేవాళ్లకు అద్దెకిచ్చి, సైట్ పేరు మీద వాళ్ల పేజీలను పైకి తెచ్చే పద్ధతిని 2024లో స్పామ్‌గా ప్రకటించింది.

గూగుల్ అన్నివేళలా న్యాయంగా ఉంటుందని కాదు. వెతుకులాటలో పక్షపాతం చూపిందని 2018లో మన కాంపిటీషన్ కమిషనే 135.86 కోట్ల జరిమానా వేసింది. 2024 ఆగస్టులో అమెరికా జడ్జి అమిత్ మెహతా సెర్చ్‌లో దాన్ని అక్రమ గుత్తాధిపత్యంగా తేల్చాడు. అన్నీ సరిగ్గా చేసినా ఒక మార్పుతో పాఠకులు సగమైపోవచ్చు. అందుకే ఇప్పటి నుంచే వాట్సాప్‌లో రోజూ రేటు పంపే చిన్న గ్రూపు కట్టుకోవడం మంచిది, దానికి ఏ ర్యాంకూ అక్కర్లేదు.

యాడ్ పెట్టే రోజు వచ్చినప్పుడు మొత్తం సైట్ మీద ఒకేసారి పెట్టకండి. సెర్చ్ కన్సోల్ ఉచితం. పది పేజీల్లో ఐదింటిలో పెట్టి, ఐదింటిని అలాగే ఉంచి, నెల రోజులు ఏ మాటకు ఎన్నో స్థానంలో వస్తున్నాయో రాసుకోండి. మధ్యలో గూగుల్ మార్పు ఏదైనా వస్తే పదింటి మీదా కనబడుతుంది, యాడ్ వల్ల అయితే ఐదింటి మీదే. టమాటా సీజన్ మారితే వెతికేవాళ్లే తగ్గుతారు, దాన్ని ర్యాంకు పడిపోవడం అనుకుని కంగారు పడొద్దు. క్లిక్కుల అంకె కాకుండా స్థానం అంకె చూడండి.