ఒకటో తారీఖు ఫుట్‌బాల్

ఆదివారం పొద్దున పేపరు వచ్చిందంటే మా ఇంట్లో అది మూడు ముక్కలైపోతుంది. మెయిన్ పేపరు మా మామయ్యగారిది. ఈ పుస్తకం మా ఆవిడది. ఆటల పేజీ మా పెద్దాడిది. నాకు మిగిలేవి పెళ్ళి సంబంధాలూ, ఇళ్ళ స్థలాల ప్రకటనలూ. నేను వాటిలో తలదూర్చి ఉండగానే, ఇడ్లీలు దిగేలోపు తాతా మనవళ్ళ మధ్య యుద్ధం మొదలవుతుంది. విషయం ఎప్పుడూ ఒకటే. ఫుట్‌బాల్.

క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టని ఊళ్ళో ఇదేం సరదా అని మీరడగొచ్చు. మామయ్యగారు పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. ఎనభై దాటాయి. రైల్వేలో చేసి రిటైరయ్యారు. కుర్రతనంలో ఫతే మైదానానికి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట చూసిన మనిషి. బొంబాయి రోవర్స్ కప్పుని ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు ఎత్తుకొచ్చింది. ఆ లెక్క ఆయన మాకు ఎక్కంలా అప్పజెబుతారు. దాని కోచ్ ఎస్.ఎ.రహీమ్. అసలు వృత్తి బడిపంతులు. భారత జట్టుని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికీ తీసుకెళ్ళింది ఆయనే. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాకే మా వీధిలో చాలామందికి ఆ పేరు తెలిసింది. మామయ్యగారు మాత్రం అది చూసొచ్చి, "బాగానే తీశాడు గానీ..." అని అరగంటసేపు ఆ 'గానీ' గురించి చెప్పారు.

పెద్దాడి లోకం వేరు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఏ ఆటగాడి ఒప్పందం ఏ నెలలో ముగుస్తుందో వాడికి సెమిస్టరు పరీక్షల తేదీల కన్నా బాగా తెలుసు. రొనాల్డో 2027 దాకా సౌదీ జట్టు అల్ నస్ర్‌తో, మెస్సీ 2028 దాకా అమెరికా జట్టు ఇంటర్ మయామీతో సంతకాలు పెట్టారని నాకు తెలిసిందీ వాడి వల్లే. "ఒప్పందం చివరి ఆరు నెలల్లోకి వచ్చిందంటే ఇంకో క్లబ్బుతో ముందే మాట్లాడుకోవచ్చు నాన్నా. గడువు తీరాక పాత క్లబ్బుకి పైసా కట్టక్కర్లేదు" అంటాడు. బోస్మాన్ అనే బెల్జియం ఆటగాడు యూరప్ న్యాయస్థానానికెక్కి 1995లో గెలిచిన కేసు పుణ్యమట అది. ఈ శ్రద్ధలో పావు వంతు వాడి బ్యాక్‌లాగ్ సబ్జెక్టు మీద ఉంటే నేను ఈ కాలమ్‌లో వేరే సంగతి రాసుకునేవాణ్ణి.

ఇద్దరికీ ఎక్కువగా చెడేది సునీల్ ఛెత్రి దగ్గర.

ఛెత్రి 1984లో పుట్టింది సికింద్రాబాద్‌లోనే. అందుకని మామయ్యగారికి అతను 'మనవాడు'. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో మ్యాచ్ ఆడి, దేశం తరఫున 94 గోల్స్‌తో సెలవు తీసుకున్నాడు. ఆ మ్యాచ్ గోల్ లేకుండానే ముగిసింది. ఆ రాత్రి మామయ్యగారు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 2025 మార్చిలో ఛెత్రి మళ్ళీ జట్టులోకి వచ్చేశాడు. షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 95వ గోల్ కొట్టాడు. అప్పటికి అతనికి నలభై నిండాయి.

"సెలవంటే సెలవే. పదవీ విరమణ సన్మానం చేయించుకుని, శాలువా కప్పించుకుని, సోమవారం మళ్ళీ ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చుంటే ఎట్లా?" అని మామయ్యగారు.

"ఆ సీజన్ లీగులో 14 గోల్స్ కొట్టాడు తాతయ్యా. మనవాళ్ళలో అంతకన్నా ఎక్కువ కొట్టినవాడు లేడు. ఇరవై ఐదేళ్ళవాళ్ళు కొట్టకపోతే ఆయనది తప్పా?" అని వీడు.

నిజం చెప్పాలంటే ఇద్దరి మాటా నాకు సబబే అనిపించింది. ఛెత్రి వచ్చాడు, గోల్ కొట్టాడు, 2027 ఆసియా కప్పుకి అర్హత మాత్రం మన జట్టుకి దక్కలేదు. నలభై ఏళ్ళవాణ్ణి వెనక్కి పిలవాల్సొచ్చిన జట్టు గురించి మాట్లాడకుండా, వచ్చినవాడి గురించి మాట్లాడుకోవడం మనకి సులువు.

ఇలాంటప్పుడు మామయ్యగారు తులసీదాస్ బలరామ్‌ని తీసుకొస్తారు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. రహీమ్ కంటపడ్డాడు. కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. జకార్తా బంగారు జట్టులో ఉన్నాడు. ఆ మరుసటి ఏడే, 27 ఏళ్ళు నిండీ నిండకుండా, ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకున్నాడు. తర్వాత బెంగాల్‌లోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఒకే ఊరి చుట్టుపక్కల పుట్టిన ఇద్దరు. ఒకడు ఇరవయ్యారేళ్ళకి ఆగిపోయాడు, ఒకడు నలభైకి తిరిగొచ్చాడు. "వాడికి శాలువా కప్పే తీరిక కూడా ఎవడికీ లేకపోయింది" అంటారు మామయ్యగారు. ఆ మాట దగ్గర మా పెద్దాడు కూడా నోరు మూసుకుంటాడు.

కలకత్తా క్లబ్బులు ఆ రోజుల్లో హైదరాబాద్ కుర్రాళ్ళని ఎట్లా ఎగరేసుకుపోయేవో ఆయన చెబితే వినాలి. సంతకాల రోజులొస్తే ఆటగాణ్ణి అవతలి క్లబ్బు మనుషులు తన్నుకుపోకుండా ఎవరింట్లోనో దాచిపెట్టేవారట. పేరుకి అందరూ ఔత్సాహికులే. చేతికొచ్చేది చేతికొస్తుంది, కాగితం మీద మాత్రం రైల్వేలోనో, బ్యాంకులోనో, కస్టమ్స్‌లోనో ఉద్యోగం ఉండాలి. మోకాలు పోయినా ఉద్యోగం మిగులుతుందని ధైర్యం. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మహమ్మద్ హబీబ్ మన హైదరాబాదీయే. ఆ మ్యాచ్ 2-2. ఆయన మాత్రం ఉద్యోగం జోలికి పోకుండా ఆటనే నమ్ముకున్నాడని చెబుతారు. "అట్లాంటి గుండె అందరికీ ఉండదు" అని మామయ్యగారి తీర్పు.

ఇక మా పెద్దాడి గాయం హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో ఆ జట్టు పుట్టినప్పుడు వాడు హైస్కూల్లో ఉన్నాడు. పసుపూ నలుపూ చొక్కా కొనిపించుకుని గచ్చిబౌలి స్టేడియానికి నన్ను లాక్కెళ్ళాడు. మొదటి సీజన్లో పది జట్లలో పదో స్థానం. వాడు చొక్కా విప్పలేదు. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మనది. ఆ ఏడు 18 గోల్స్ కొట్టిన నైజీరియా ఆటగాడు ఒగ్బెచేకి 37 ఏళ్ళు. (ఛెత్రి వాదంలో ఈ అంకె ఇప్పటికీ వాడి ఆఖరి అస్త్రం.) కోవిడ్ కాలం కాబట్టి సీజన్ మొత్తం గోవాలోనే ఆడారు. సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా చూడకుండా మేం ఛాంపియన్లమైపోయాం.

తర్వాత జరిగింది మీకూ తెలిసే ఉంటుంది. జీతాలు ఆగాయి. బకాయిల గొడవ ఫిఫా దాకా వెళ్ళింది. కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా క్లబ్బు మీద నిషేధం పడింది. 2023-24 సీజన్ మధ్యలో పేరున్నవాళ్ళు ఒక్కొక్కరే ఒప్పందాలు తెంచుకుని వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్కటి గెలిచారు. యాజమాన్యం మారింది. మరుసటి సీజన్లో 13 జట్లలో పన్నెండో స్థానం. 2025 అక్టోబరులో జట్టే ఢిల్లీ వెళ్ళిపోయి పేరు కూడా మార్చుకుంది. రెండు నెలలు తిరక్కుండా డిసెంబరు 13న మెస్సీ వచ్చాడని ఉప్పల్ స్టేడియానికి జనం పోటెత్తారు. మావాడూ వెళ్ళాడు. లోపల ఆ పసుపు చొక్కా వేసుకుని.

ఆటగాళ్ళు వెళ్ళిపోయిన రోజుల్లో మావాడు వాళ్ళని తిట్టిన తిట్లు నాకు గుర్తే. ద్రోహులన్నాడు, డబ్బు మనుషులన్నాడు. మూణ్ణెల్లు జీతం రాకపోతే మీ నాన్న ఆఫీసుకి వెళతాడా అని అడిగాను. జవాబు లేదు. అభిమానికి జట్టు అంటే చొక్కా. ఆటగాడికి అది ఇంటద్దె. ఈ తేడా మాకు పూర్తిగా అర్థమైంది మాత్రం గత నెలలో, ఎదురింటావిడ ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చినప్పుడు.

ఆవిడ బ్లౌజులు కుడుతుంది. ఆయన ఎలక్ట్రీషియన్. కొడుక్కి పంతొమ్మిదేళ్ళు. లెఫ్ట్ బ్యాక్. మా గేటు మీద బంతి కొట్టి కొట్టి రంగు ఊడగొట్టింది వీడే. కవర్లో రెండు కాగితాలున్నాయి. ఒకటి వేరే రాష్ట్రంలోని ఒక క్లబ్బు పంపిన రెండు సీజన్ల ఒప్పందం. రెండోది స్పోర్ట్స్ కోటాలో ఒక ప్రభుత్వ సంస్థ ఇచ్చిన ఉద్యోగపు ఉత్తర్వు. ఉద్యోగంలో చేరితే ఆ సంస్థ జట్టుకి ఇక్కడే నగరం లీగులో ఆడుకోవచ్చు. పెద్ద మైదానాలూ, టీవీలూ ఉండవు.

"ఇంగ్లీషులో ఉంది, కాస్త చదివి పెట్టండి అన్నయ్యగారూ. ఇందులో జీతం ఒకటో తారీఖున పడుతుందని రాశారా?" అంది.

ఇన్నేళ్ళుగా మా ఇంట్లో వందల కోట్ల ఒప్పందాల మీద వాదనలు జరిగాయి. ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

నేను చదివాను. జీతం తర్వాతి నెల పదిహేనో తారీఖులోపు అని ఉంది. ఉండటానికి గది, భోజనం. ఆటలో దెబ్బ తగిలి మూడు నెలలు దాటితే సగం జీతం. కుర్రాడు మధ్యలో వెళ్ళిపోతే ఏడాది జీతమంత క్లబ్బుకి కట్టాలి. క్లబ్బే వద్దనుకుంటే రెండు నెలల జీతం ఇచ్చి పంపొచ్చు. చదువుతున్నకొద్దీ మా పెద్దాడి ముఖం మారిపోయింది. తేరుకుని, "రెండు నెలల జీతం ఎగ్గొడితే పదిహేను రోజుల నోటీసిచ్చి బయటికొచ్చేయొచ్చు పిన్నీ. ఫిఫా నియమం ఉంది" అన్నాడు.

"వచ్చేసి ఎక్కడికి పోతాడ్రా?" అన్నారు మామయ్యగారు. "సీజన్ మధ్యలో ఎవడు తీసుకుంటాడు? వీడేమన్నా ఛెత్రీనా?"

"ఛెత్రీకి మాత్రం ఏమైంది తాతయ్యా?" అన్నాడు ఎదురింటి కుర్రాడు. అంతసేపు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నవాడు మాట్లాడటం అదే మొదలు. నిజమే. 2025 జులైలో లీగు నిర్వహణ హక్కుల గొడవతో కొత్త సీజన్ ఆగిపోయింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన సీనియర్ జట్టు ఆటగాళ్ళకీ, సిబ్బందికీ జీతాలు నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. ఛెత్రి ఆడేది ఆ క్లబ్బుకే. దేశం తరఫున 95 గోల్స్ కొట్టినవాడి జట్టుకే జీతం ఆగిందంటే మా గేటు రంగు ఊడగొట్టినవాడి సంగతేమిటి?

"మరి ఉద్యోగంలో చేరరా నాయనా. రైల్వే వల్లే నేనివాళ పెన్షన్ తింటున్నా" అన్నారు మామయ్యగారు.

"చేరితే ఇక పెద్ద లీగు ఉండదు తాతయ్యా. ఇరవై మూడేళ్ళొస్తే ఎవరూ చూడరు."

ఇదివరకైతే మావాడు వెంటనే "సంతకం పెట్టెయ్" అనేవాడు. ఆ రోజు అనలేదు. తాతయ్య కూడా బలరామ్ పేరెత్తలేదు. దెబ్బ తగిలితే సగం జీతం అన్న వాక్యం మీద వేలు పెట్టి, అక్కడే కాసేపు ఉంచారు.

చివరికి మాకు తోచింది చేశాం. తెలిసిన వకీలుగారికి కాగితాలు చూపించాం. ఆయన రెండు మార్పులు అడగమన్నారు. దెబ్బ ఆటలోనే తగిలితే వైద్యం ఖర్చూ, పూర్తి జీతమూ క్లబ్బు భరించాలని ఒకటి. మధ్యలో మానుకుంటే ఇచ్చుకోవాల్సింది రెండు వైపులా సమానంగా ఉండాలని రెండోది. మావాడు రాత్రి కూర్చుని ఉత్తరం టైపు చేశాడు. ఫిఫా నియమం నంబరుతో సహా వేశాడు. సెమిస్టరు రికార్డు కూడా అంత శుభ్రంగా రాయలేదు.

మొన్న శుక్రవారం జవాబొచ్చింది. రెండోదానికి ఒప్పుకున్నారు. దెబ్బ సంగతి ఎత్తలేదు. సంతకానికి ఈ గురువారం దాకా గడువిచ్చారు. ఉద్యోగంలో చేరాల్సింది వచ్చే ఒకటో తారీఖున. దెబ్బ సంగతి కాగితం మీద పెడితేనే సంతకమని వాళ్ళకి ఇంకోసారి రాయమన్నాను. అలా అడిగితే అవకాశమే పోతుందేమోనని ఎదురింటాయన భయం. ఆవిడ ఏమీ అనలేదు గానీ, కవరు మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళింది.

కుర్రాడు పొద్దున్నే మళ్ళీ మా గేటు మీద బంతి కొడుతున్నాడు. మామయ్యగారు మెయిన్ పేపరు మడిచి పక్కన పెట్టి వరండాలో కుర్చీ వేసుకున్నారు.

"ఎడమ కాలితోనేనా? కుడి కాలితో కూడా కొట్టరా!"