శాలువాలు వద్దు, పాత రూటర్లు తీసుకురండి



నేను మన హాస్టల్లో 2001 నుంచి 2006 వరకు ఉన్నాను. వేరుశనగ ఎండిపోయిన ఏడల్లా మా నాన్న బెంగుళూరుకు బేల్దారి పనికి పోయేవాడు. ఆదివారం సాయంత్రం గేటు ఎదుటి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసేవాడు. బూత్ అతను పేరు పెట్టి కేకేస్తే అన్నం పళ్ళెం వదిలి పరుగెత్తేవాణ్ణి. ఫోన్ పని నేర్చుకోవాలన్న పిచ్చి నాకు అక్కడే పట్టిందేమో!

డిగ్రీ అయ్యాక ఇంట్లో పొట్టేళ్ళు అమ్మి బెంగుళూరులో నెట్‌వర్కింగ్ కోచింగ్‌లో చేరాను. ముప్పై మందికి ఒక్క ర్యాక్. నా వంతు వచ్చేసరికి క్లాసు అయిపోయేది. నోట్సు మాత్రం కంఠతా పట్టాను. 2010లో ఒక ఇంటర్వ్యూలో అడిగారు: "ఇంటర్నెట్ ఫోన్‌లో బెల్ మోగింది, ఎత్తారు. ఒకరి మాట వినిపిస్తోంది, రెండోవారిది వినిపించడం లేదు. ఎందుకు?" నేను 5060 పోర్టు నంబరు చెప్పాను. ఆయన నవ్వి ఫైలు మూసేశారు.

జవాబు నాకు దొరికింది మా గదిలో. పాత కంప్యూటర్‌లో లైనక్స్, దానిపై ఆస్టరిస్క్ వేశాను. ఇది 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికన్ కుర్రాడు రాయడం మొదలుపెట్టిన ఉచిత టెలిఫోన్ ఎక్స్చేంజి. సెకండ్ హ్యాండ్ రూటర్ ఒకటి మధ్యలో పెట్టి, 101 నుంచి 102కు కలిపాను. బెల్ మోగింది. 102లో నా మాట వినిపించింది, 101లో నిశ్శబ్దం. సరిగ్గా అదే జబ్బు!

సంగతేమిటంటే, బెల్ కొట్టే పని సిప్‌ది, మాటను మోసే పని ఆర్‌టీపీది. రెండూ వేరు. ఆర్‌టీపీ మన మాటను సెకనుకు 50 ముక్కలు చేసి పంపుతుంది. రూటర్ వెనకున్న ఫోన్ మాత్రం "నా మాటలు 192.168 అడ్రసుకు పంపండి" అని ఇంటిలోపలి చిరునామా రాసిస్తుంది. ఊరూ పిన్‌కోడూ లేకుండా "రూమ్ నంబర్ 6" అని మాత్రమే రాసి ఉత్తరం వేస్తే మన హాస్టల్‌కు చేరుతుందా? ఇదీ అంతే. మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అక్కడికే తిప్పి పంపమని ఆస్టరిస్క్‌కు ఒక లైనులో చెప్పాను, వినిపించింది. ఆ రాత్రి నేర్చుకున్నది కోచింగ్ నోట్సులో లేదు.

అందుకే నా అభిప్రాయం: మన హాస్టల్లో చిన్న ప్రాక్టీసు ల్యాబ్ ఉండాలి, అందులో మొదటి పాఠం ఫోన్ కలపడమే కావాలి. "వాట్సాప్‌లో ఊరికే మాట్లాడుకుంటున్నాం గదా, ఇదెందుకన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. వాట్సాప్‌లో మాట్లాడితే వాడటం వస్తుంది, కట్టడం రాదు. పైగా ఫోన్‌లో తప్పు చేస్తే చెవికే తెలిసిపోతుంది, మార్కులు వేసే సారు అక్కర్లేదు.

ప్యాకెట్ ట్రేసర్ చాలదా అంటారు. 2811 రూటర్ మీద ఫోన్లు పెట్టి నంబర్లివ్వడం దాంట్లో బాగానే నేర్చుకోవచ్చు, కాదనను. కానీ అందులో మనిషి గొంతు వినపడదు.

దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఒక పాత కంప్యూటర్, ఒక స్విచ్, వైఫై రూటర్, లిన్‌ఫోన్ వేసుకున్న రెండు సెల్‌ఫోన్లు చాలు. పాత పుస్తకాల్లోని సిప్ ఫైలు చూసి మోసపోవద్దు, 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21 నుంచి అది తీసేశారు, పీజేసిప్ నేర్చుకోండి. ఇంకో మాట: ల్యాబ్‌ను బయటి టెలిఫోన్ లైనుకో, సిమ్‌లకో కలిపి ఇంటర్నెట్ కాల్స్ మళ్ళించకండి. లైసెన్సు లేకుండా అది నేరం.

ఇది మనకు అందని పెద్దల విద్య కాదు. మన దేశంలో ఇంటర్నెట్ ఫోన్‌కు 2002 ఏప్రిల్‌లోనే అనుమతి వచ్చింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ టీవీ, ఇంటర్నెట్‌తో పాటు ఫోన్‌నూ ఒకే తీగ మీద పల్లెలకు తెచ్చింది. ఆ తీగ చెడితే బాగుచేసే కుర్రాడు మన హాస్టల్ వాడెందుకు కాకూడదు?

ఏటా వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులం వస్తాం, శాలువాలు కప్పుకుంటాం, ఫోటో దిగి బస్సెక్కుతాం. ఆ శాలువా డబ్బుతో సెకండ్ హ్యాండ్ స్విచ్ వస్తుంది. మీ ఆఫీసుల్లో పక్కన పడేసిన రూటర్లు ఉంటే అడిగి తీసుకురండి. వంటగది పక్క గది ఖాళీగానే ఉంది, వార్డెన్ గారు తాళం ఇస్తామన్నారు. కంప్యూటర్, రూటర్ నేను తెస్తున్నాను. మొదటి రెండు ఆదివారాలు నేనే కూర్చుని నేర్పిస్తాను. ఎవరైనా ఒక యూపీఎస్ ఇస్తే మేలు, మన కరెంటు సంగతి మీకు తెలిసిందే.