బుల్లెట్ రైలు వస్తే కారు ఇంట్లో ఉంటుందా?

2026-27 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లలో హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై, పుణె–హైదరాబాద్ ఉన్నాయి. మూడూ మన రాకపోకల దారులే.

విమానంతో పోటీకి రైలు నిలబడుతుందనే మేము అనుకుంటున్నాం. స్పెయిన్‌లో మాడ్రిడ్–బార్సిలోనా దూరం దాదాపు 620 కిలోమీటర్లు. 2008లో హైస్పీడ్ లైను పూర్తయ్యాక ప్రయాణం రెండున్నర గంటలకు దిగింది. అక్కడ ఇప్పుడు విమానం కంటే రైలెక్కేవాళ్లే చాలా ఎక్కువ. హైదరాబాద్–బెంగళూరు దూరమూ ఇంచుమించు అంతే. విమానం గాలిలో ఉండేది గంటంపావే గానీ, దేవనహళ్లి చేరడం, తనిఖీలు, శంషాబాద్ నుంచి ఊళ్లోకి రావడం కలిపితే పూట గడిచిపోతుంది.

కారు సంగతి వేరు. పెళ్లికో పండక్కో నలుగురం వెళ్తే పెట్రోలు, టోలు ఖర్చు ఒక్కటే, టికెట్లు నాలుగు. పైగా మనలో చాలామంది వెళ్లేది హైదరాబాద్‌కు కాదు, కర్నూలు, అనంతపురం పక్క పల్లెలకు. ఇప్పటి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ ఎనిమిది గంటలకు పైగా తీసుకున్నా ఆ రెండు చోట్లా ఆగుతుంది. బుల్లెట్ రైలు ఆగుతుందా? ఆగినా స్టేషన్ ఊరికి ఎంత దూరంలో కడతారు? ముంబై–అహ్మదాబాద్ లైనులో 508 కిలోమీటర్లకు 12 స్టేషన్లు పెట్టారు. మన దారిలో ఎన్ని, ఎక్కడ అన్నది అలైన్‌మెంట్ ఖరారయ్యేలోగానే కర్ణాటక తెలుగు సంఘాలు అడగాలి.