గది లోపలికి రానంటోంది!

ఉదయం పదిన్నర. పదకొండింటికల్లా క్యాంపుగ్రౌండు ఖాళీ చేయాలి. సామాన్లు సర్దేశారు. నీళ్ల పైపు చుట్టేశారు. కరెంటు తీగ పీకేశారు. అత్తగారు ముందు సీట్లో కూర్చుని బెల్టు కూడా పెట్టేసుకున్నారు. అల్లుడు గోడమీదున్న మీట నొక్కాడు. ‘టిక్’ మంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ‘టిక్’. అంతే! సోఫా, డైనింగు టేబులుతో సహా బయటికి జరిగిన గది మాత్రం అంగుళం కదల్లేదు.

‘‘ఏమైంది బాబూ?’’

‘‘ఏం లేదత్తయ్యగారూ... గది లోపలికి రానంటోంది.’’

‘‘గది రావడమేంటి నాయనా!’’

ఊహించుకుంటే నవ్వొస్తుంది కానీ, వేసవి సెలవుల్లో మోటార్‌హోం అద్దెకు తీసుకుని, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఎల్లోస్టోనో గ్రాండ్ క్యాన్యనో చూపించడానికి బయల్దేరే అమెరికా తెలుగువాళ్లకు ఎప్పుడైనా ఎదురుకాగల ఉదయమే ఇది. గది బయటికి ఉండగా బండి నడపకూడదు. రెండుమూడడుగులు పక్కకి పొడుచుకొచ్చిన గోడతో రోడ్డెక్కడం కుదరని పని. అంటే మీట పనిచేసేదాకా ఇల్లూ అక్కడే, బండీ అక్కడే!

ఇంతకీ ఏమిటీ గది?

మోటార్‌హోం అంటే చక్రాలమీది ఇల్లు. మన సినిమా షూటింగుల్లో తారలకోసం నిలబెట్టే క్యారవాన్లకు పెద్దన్నయ్య లాంటిది. ఎంత పెద్దదైనా రోడ్డుమీద వెళ్లాలి కాబట్టి వెడల్పుకు హద్దుంటుంది. లోపల నలుగురు కూర్చుంటే ఐదోవాళ్లు దాటడం కష్టం. అందుకే గోడలో ఓ భాగాన్ని సొరుగులా తయారుచేశారు. బండి ఆపాక మీట నొక్కితే సొరుగు బయటికి జరిగి హాలు విశాలమవుతుంది. బయల్దేరేముందు లోపలికి లాగేసుకోవాలి. దీన్నే ‘స్లయిడ్ అవుట్’ అంటారు. ఇండియానా రాష్ట్రంలోని న్యూమార్ కంపెనీ 1990లో దీన్ని ఇలాంటి బండ్లలోకి తెచ్చింది. ఇప్పుడు ఒకే బండికి రెండు, మూడు, నాలుగు గదులు కూడా ఉంటున్నాయి. ఆకర్షణ ఎంతో, అవస్థ అంత!

అపరాధి చాలాసార్లు బ్యాటరీయే

గది కదలకపోతే ఎవరికైనా ముందు మోటారు మీదికి అనుమానం పోతుంది. నిజానికి చూడాల్సింది బ్యాటరీని. గది మోటారు 12 వోల్టుల మీద పనిచేస్తుంది. సోఫా, అల్మరాలు, కొన్నిట్లో ఫ్రిజ్‌తో సహా ఓ గదిని మోయాలంటే కరెంటు బాగా లాగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే స్విచ్చు నొక్కగానే వోల్టేజీ పడిపోతుంది. చలికాలం పొద్దున్నే కారు సెల్ఫ్ కొడితే ‘టిక్ టిక్’మని ఊరుకుంటుందే, అచ్చం అలాగే. లైట్లు వెలుగుతున్నాయిగా, బ్యాటరీ బాగానే ఉందిలే అనుకోవద్దు. బల్బుకు చాలినంత కరెంటు గదికి చాలదు.

నిండుగా ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2కి వచ్చిందంటే సుమారు సగం అయిపోయినట్టే. ఎల్లోస్టోన్ లాంటి చోట్ల ఈ తిప్పలు మరీ ఎక్కువ. అక్కడ కరెంటు కనెక్షన్ ఇచ్చే క్యాంపుగ్రౌండు ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. మిగతాచోట్ల బ్యాటరీయో జనరేటరో దిక్కు. ఆ జనరేటరైనా అనుమతి ఉన్నచోట ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకే వేయాలి. వేసవిలోనూ రాత్రిళ్లు చలి గజగజలాడిస్తుంది. హీటరు నడిచేది గ్యాసుతోనే అయినా, వేడిగాలిని తోసే ఫ్యాను తిరిగేది బ్యాటరీ మీద. రాత్రంతా అది తిరిగి తిరిగి, తెల్లారేసరికి బ్యాటరీ చప్పబడిపోతుంది. సరిగ్గా అప్పుడే గది లాగాలి!

విరుగుడు తేలిక. ఇంజిన్ గానీ జనరేటర్ గానీ వేసి కాసేపు ఆగాలి. కరెంటు కనెక్షన్ ఉంటే తీగ మళ్లీ తగిలించాలి. తీగను ఆఖర్న పీకడం అలవాటు చేసుకుంటే ఈ గొడవే ఉండదు. చాలామంది ముందు తీగ చుట్టేసి, ఆ తర్వాత గది సంగతి చూస్తారు.

బ్యాటరీ బాగానే ఉంటే? తలుపు దగ్గర బ్యాటరీ మొత్తాన్ని ఆపేసే స్విచ్చు ఒకటుంటుంది. పిల్లలెవరైనా లైటు స్విచ్చనుకుని నొక్కేశారేమో చూడాలి. తర్వాత ఫ్యూజు. ఆ తర్వాత బ్యాటరీ కొసలమీద తెల్లగా, పచ్చగా పేరుకున్న తుప్పు. మోటార్‌హోంలో ఇంకో తిరకాసు కూడా ఉంది. పార్కింగ్ బ్రేకు వేయకపోతే గది కదలకుండా చాలా బండ్లలో కట్టడి పెడతారు. కొన్నిట్లో తాళంచెవి ఆఫ్‌లో ఉండాలి, మరికొన్నిట్లో ఆన్‌లో ఉండాలి. ఏది ఎలాగన్నది ఆ బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. బండి తీసుకునేటప్పుడే ఆ పేజీ ఓసారి తిరగేయడం మేలు.

కదిలి ఆగిపోతే...

అసలే కదలని గదికన్నా, కదిలి మధ్యలో ఆగిన గది ప్రమాదం. అప్పుడు స్విచ్చును అదేపనిగా నొక్కకూడదు. వెంటనే వేలు తీసేసి, ఒకరు లోపల, ఒకరు బయట చూడాలి. లోపలైతే తెరుచుకున్న అల్మరా తలుపు, వెనక్కి వాల్చిన డ్రైవరు సీటు, అంచులో ఇరుక్కున్న బొమ్మకారు, దుప్పటి కొస. బయటైతే చెట్టుకొమ్మ, పక్కన పాతిన కరెంటు స్తంభం. గది పైకప్పుమీదికీ చూపు పోవాలి. అడవుల్లోని క్యాంపుల్లో పైన్ కాయలు, సూదుల్లాంటి ఆకులు రాలి పడుంటాయి. అవి గదితోపాటు లోపలికొచ్చి రబ్బరు అంచుల్ని చీరేస్తాయి. ఓ చీపురు, ఓ చిన్న నిచ్చెన బండిలో ఉంటే వంద డాలర్ల పెట్టు!

ప్రయాణంలో గది జరిగిపోకుండా కొన్ని బండ్లకు అడ్డుకడ్డీలు ఉంటాయి. వాటిని తీయడం మరిచిపోయి స్విచ్చు నొక్కేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే కడ్డీ వంగడంతో సరిపెట్టుకుంటే అదృష్టమే.

ఒక కొస ముందుకొచ్చి ఇంకో కొస ఆగిపోవడం మరో రకం. గోడలోనే పళ్లపట్టీలు అమర్చిన రకం గదుల్లో ఇది తరచూ వినే ఫిర్యాదు. వీటికి అటొకటి ఇటొకటి రెండు మోటార్లుంటాయి. రెంటినీ కలిపే ఇరుసు ఏదీ ఉండదు. ఏది ఎంత తిరిగిందో లెక్కపెట్టి, రెంటినీ జోడెద్దుల్లా నడిపేది ఓ చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె. గది పూర్తిగా బయటికొచ్చి మోటార్లు వాటంతటవి ఆగితేనే ఆ పెట్టెకు లెక్క సరిపోతుంది. మనమేమో గది వచ్చేసింది కదా అని ఓ క్షణం ముందే వేలు తీసేస్తాం. ఇలా నాలుగైదుసార్లు జరిగితే లెక్క తప్పుతుంది. ఓ ఎద్దు ముందుకీ, ఇంకోటి వెనక్కీ!

దీనికి మందు ఓపికే. గదిని పూర్తిగా బయటికి తోసి, మోటార్లు ఆగాక కూడా కొన్ని సెకన్లు స్విచ్చు పట్టుకోవాలి. కొద్ది అంగుళాలు లోపలికి లాగి, మళ్లీ పూర్తిగా తోయాలి. రెండు మోటార్లూ ఒకేసారి ఆగేదాకా ఇలా చేస్తే జోడు కుదురుతుంది. అప్పటికీ మాట వినకపోతే ఆ పెట్టెమీద ఎరుపు, ఆకుపచ్చ దీపాలు ఎన్నిసార్లు మిణుకుతున్నాయో లెక్కపెట్టి, తప్పేమిటో పుస్తకంలో చూసుకోవచ్చు. ఈ రకంలో బాగా ప్రచారంలో ఉన్న పెట్టెకు అత్యవసర చిట్కా కూడా ఉంది. దానిమీది ‘మోడ్’ మీటను ఆరుసార్లు గబగబా నొక్కి, ఏడోసారి నొక్కి పట్టుకుంటే దీపాలు రెండూ మిణుకుతాయి. ఇక అది లెక్క చూడటం మానేసి మోటార్లను తిప్పుతుంది. వంకర సరిచూసుకునే బాధ్యత అప్పుడు మనదే. రెండు కొసల దగ్గరా మనుషులు నిలబడి, ఏమాత్రం తేడా వచ్చినా ఆపమని కేకేయాలి.

మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, గది మాత్రం కదలట్లేదంటే లోపల మేకో పళ్లచక్రమో విరిగినట్టు. నూనె ఒత్తిడితో నడిచే పెద్ద గదులైతే ట్యాంకులో నూనె తగ్గిందేమో, బండి కింద మరకలున్నాయేమో చూడాలి. తీగలతో లాగే రకంలో ఓ తీగ వదులైనా గది పక్కకి వాలుతుంది. ఈ మూడూ మెకానిక్ పనులే.

చేత్తో లాగే దారి

ఏదీ కుదరకపోతే గదిని చేత్తో లోపలికి తెచ్చే ఏర్పాటు దాదాపు ప్రతి బండికీ ఉంటుంది. ఇరుసుతో నడిచే రకంలో మోటారు దగ్గరున్న బ్రేకు మీటను విడిపించి, ఇరుసు కొసను రెంచితో తిప్పుతూ పోవాలి. భుజాలు పడిపోతాయి గానీ గది వస్తుంది. పనయ్యాక ఆ బ్రేకు మీటను తిరిగి యథాస్థానంలో పెట్టడం మాత్రం మరవకూడదు. మరిస్తే దారిలో ఏ మలుపులోనో గది తనంతట తానే బయటికి జారుతుంది. గోడలో మోటార్లున్న రకంలో వాటిని పైకి లేపి, నలుగురు కలిసి బయటినుంచి తోయాలి. తర్వాత మోటార్లను మళ్లీ కూర్చోబెట్టాలి.

ఈ పనులు జరుగుతున్నంతసేపూ పిల్లల్ని బండికి దూరంగా ఉంచాలి. గదికీ గోడకీ మధ్య చిక్కిన చెయ్యిని మోటారు గుర్తుపట్టదు. అద్దెబండైతే రెంచి పట్టుకునేముందే అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేయడం తెలివైన పని. మనం విప్పిన తర్వాత పాడైందని వాళ్లంటే, బిల్లు మన ఖాతాలోకే వస్తుంది.

సొంత బండి ఉన్నవాళ్లకు ఇంకో మాట. గది మొరాయిస్తే కనీసం తెలుస్తుంది. రబ్బరు అంచులు ఎండి పగిలితే మాత్రం ఏ చప్పుడూ ఉండదు. వాననీళ్లు మెల్లగా లోపలికి దిగి, చెక్కనేలను కుళ్లబెడతాయి. మోటారు మార్చేదానికన్నా నేల మార్చే ఖర్చు చాలా ఎక్కువ. అందుకని ఏడాదికి రెండుమూడుసార్లు అంచుల్ని తుడిచి, రబ్బరు కోసమే అమ్మే మందు పూయాలి. ఇంట్లో ఉంది కదాని గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వాన వెలిసిన వెంటనే లాగాల్సొస్తే, గది పైకప్పు మీద నిలిచిన నీళ్లు దులిపాకే స్విచ్చు నొక్కాలి. లేకపోతే ఆ నీళ్లన్నీ సోఫామీదే!

పదీ యాభై. అల్లుడు చుట్టిన తీగ విప్పి మళ్లీ తగిలించాడు. పావుగంట అదనంగా ఇమ్మని ఆఫీసులో అడిగొచ్చాడు. స్విచ్చు నొక్కాడు. ఈసారి ‘టిక్’ లేదు, ‘గుర్ర్’మంది. గది కదిలింది... సగందాకా వచ్చి ఆగింది. వేలు తీసేసి, మోకాళ్లమీద కూర్చుని సోఫా అంచు కిందికి టార్చి వేసి చూశాడు. నీలంరంగు హవాయి చెప్పు.

‘‘అత్తయ్యగారూ, మీ రెండో చెప్పు ఎక్కడుంది?’’

‘‘పొద్దుటినుంచీ అదే వెతుకుతున్నా బాబూ. వెళ్లేవాళ్లని ఆపడం ఎందుకని చెప్పలేదు.’’