దక్షిణాఫ్రికాలో 36 లక్షల ఓట్లు ఎటు పోయాయి? మండేలా పార్టీకి మెజారిటీ తప్పడం వెనుక అసలు లెక్క ఇదీ!

30 ఏళ్లలో ఇదే తొలిసారి. నెల్సన్ మండేలా నడిపించిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ) దక్షిణాఫ్రికా పార్లమెంటులో మెజారిటీ కోల్పోయింది. 2024 మే 29న పోలింగ్ జరిగితే, జూన్ 2న ఫలితాలు ప్రకటించారు. 400 సీట్ల నేషనల్ అసెంబ్లీలో ఏఎన్‌సీకి వచ్చినవి 159. సొంతంగా గట్టెక్కాలంటే 201 కావాలి. చివరికి ఇన్నేళ్లూ ఎదురెదురుగా నిలబడి తిట్టుకున్న డెమోక్రటిక్ అలయన్స్ (డీఏ)తోనే చేతులు కలపాల్సి వచ్చింది. ఆ మద్దతుతోనే 2024 జూన్ 14న సిరిల్ రామఫోసా మళ్లీ అధ్యక్షుడయ్యారు.

పైపైన చూస్తే ఇది మామూలు ప్రభుత్వ వ్యతిరేకతే అనిపిస్తుంది. కానీ ఓట్ల లెక్కలోకి వెళ్తే ఇంకో సంగతి బయటపడుతుంది.

ఎవరికి ఎన్ని?

ఏఎన్‌సీ: 40.18 శాతం ఓట్లు, 159 సీట్లు
డీఏ: 21.81 శాతం, 87 సీట్లు
ఎంకే పార్టీ: 14.58 శాతం, 58 సీట్లు
ఈఎఫ్‌ఎఫ్: 9.52 శాతం, 39 సీట్లు
ఐఎఫ్‌పీ: 3.85 శాతం, 17 సీట్లు
మిగతా 40 సీట్లు చిన్న పార్టీలకు వెళ్లాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన దగ్గర ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ సీటు వాళ్లదే. దక్షిణాఫ్రికాలో అలా కాదు. ఓట్ల శాతాన్ని బట్టే సీట్లు పంచుతారు. 40 శాతం ఓట్లొస్తే సీట్లు కూడా దాదాపు 40 శాతమే. తక్కువ ఓట్లతో భారీ మెజారిటీ కొట్టే ఛాన్స్ అక్కడ లేదు. అందుకే ఈ ఫలితం జనం నాడిని ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది.

ప్రతిపక్షం గెలిచిందా? అదీ లేదు!

2019లో ఏఎన్‌సీకి కోటికి పైగా ఓట్లు వచ్చాయి. ఈసారి వచ్చినవి దాదాపు 64.6 లక్షలే. అంటే ఐదేళ్లలో సుమారు 36 లక్షల ఓట్లు తగ్గాయి. మరి అవి ప్రధాన ప్రతిపక్షం డీఏకి వెళ్లాయా? వెళ్లలేదు. డీఏ ఓట్లు కూడా 36.2 లక్షల నుంచి 35.1 లక్షలకు పడిపోయాయి. మొత్తం పోలింగ్ తగ్గింది కాబట్టే ఆ పార్టీ శాతం ఒక పాయింట్ పెరిగినట్టు కనిపిస్తోంది. జూలియస్ మలేమా నాయకత్వంలోని ఈఎఫ్‌ఎఫ్‌కీ 3 లక్షలకు పైగా ఓట్లు తగ్గాయి.

అసలు దెబ్బ ఇంటి నుంచే తగిలింది. మాజీ అధ్యక్షుడు జేకబ్ జుమా 2018లో అవినీతి ఆరోపణల మధ్య పదవి వదులుకోవాల్సి వచ్చింది. 2023 డిసెంబర్‌లో ఆయన ఎంకే అనే కొత్త పార్టీతో జనం ముందుకొచ్చారు. ఒకప్పటి ఏఎన్‌సీ సాయుధ దళం పేరునే ఆ పార్టీకి పెట్టారు. కోర్టు ధిక్కార కేసులో 15 నెలల శిక్ష పడినందుకు, పోలింగ్‌కు సరిగ్గా 9 రోజుల ముందు రాజ్యాంగ న్యాయస్థానం ఆయన్ను పోటీకి అనర్హుడని తేల్చింది. అయినా బ్యాలెట్ మీద ఆయన ఫొటో అలాగే ఉండిపోయింది. ఆరు నెలలు కూడా నిండని పార్టీకి 23 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి.

సరే, ఆ 23 లక్షలూ ఏఎన్‌సీ నుంచే వెళ్లాయనుకుందాం. అప్పుడు కూడా ఇంకో 12 లక్షల ఓట్లకు లెక్క తేలదు. దానికి జవాబు పోలింగ్ శాతంలో ఉంది. 2019లో 66 శాతం పోలింగ్ జరిగితే ఈసారి 58.6 శాతమే. ఓటర్ల జాబితా 10 లక్షలు పెరిగింది. ఓటేసిన వాళ్లు మాత్రం దాదాపు 14 లక్షలు తగ్గారు. జాబితాలో పేరుండి కూడా ఓటేయని వాళ్లు కోటి 15 లక్షల మంది. ఏఎన్‌సీకి పడిన ఓట్ల కంటే ఈ సంఖ్యే ఎక్కువ!

ఎందుకింత విసుగు?

మొదటి కారణం ఉద్యోగాలు. 2024 తొలి మూడు నెలల్లో నిరుద్యోగం 32.9 శాతం. 15 నుంచి 34 ఏళ్ల వాళ్లలో అయితే 45.5 శాతం. రెండోది కరెంటు. 2023లో ఎన్నడూ లేనంతగా కోతలు పెట్టారు. రోజుకు గంటల తరబడి చీకటే. 2024 మార్చి చివరి నుంచి కోతలు ఆగినా, అప్పటికే జనం విసిగిపోయారు. నీళ్లు, నేరాలు, అవినీతి ఎలాగూ ఉన్నాయి. వర్ణవివక్ష రోజులు చూడని కొత్త తరానికి పాత పోరాటం గుర్తు చేస్తే సరిపోవడం లేదు. అలాగని డీఏని నమ్మడానికీ చాలామంది సిద్ధంగా లేరు. నల్లజాతీయుల్లో ఎక్కువమంది దాన్ని ఇప్పటికీ తెల్లవాళ్ల పార్టీగానే చూస్తున్నారు.

డర్బన్‌లో మనవాళ్లు ఏం చూస్తున్నారు?

జుమా సొంత ప్రావిన్స్ క్వాజులు-నటాల్. డర్బన్ నగరం ఉన్నది అక్కడే. 1860 నుంచి చెరకు తోటల్లో కూలీలుగా ఓడల్లో వెళ్లిన భారతీయుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులు 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 2021 జూలైలో జుమాను జైలుకు పంపినప్పుడు ఈ ప్రావిన్స్‌లోనూ, జొహన్నెస్‌బర్గ్ చుట్టుపక్కలా లూటీలు, దహనాలు జరిగి 350 మందికి పైగా చనిపోయారు. ఆ భయం ఇంకా పోలేదు.

ఆ ప్రావిన్స్ అసెంబ్లీలో 80 సీట్లుంటే ఎంకే 37 గెలిచింది. ఇంకో నాలుగు వస్తే అధికారం వాళ్లదే. కానీ ఐఎఫ్‌పీ 15, ఏఎన్‌సీ 14, డీఏ 11, ఎన్‌ఎఫ్‌పీ 1 కలిసి 41 అయ్యాయి. ఐఎఫ్‌పీ నేత థామి న్టులి ప్రీమియర్ అయ్యారు. ఒక్క సభ్యుడు మద్దతు మానేసినా ఆ సర్కారు మెజారిటీ కోల్పోయే పరిస్థితి అది.

ఈ కాపురం ఎన్నాళ్లు?

ఫలితాలు ప్రకటించిన 14 రోజుల్లోగా సభ కొలువుదీరాలని అక్కడి రాజ్యాంగం చెబుతోంది. అందుకే బేరసారాలకు టైమ్ పెద్దగా దొరకలేదు. పార్లమెంటు భవనం 2022 జనవరిలో తగలబడిపోవడంతో కేప్‌టౌన్‌లోని కన్వెన్షన్ సెంటర్‌లో సభ పెట్టారు. ఎంకే సభ్యులు హాజరు కాలేదు. రాత్రి దాకా సాగిన ఓటింగ్‌లో రామఫోసాకు 283, పోటీకి దిగిన మలేమాకు 44 ఓట్లు వచ్చాయి. స్పీకర్ పదవి ఏఎన్‌సీకి, డిప్యూటీ స్పీకర్ డీఏకి దక్కాయి.

అసలు చిక్కు ముందుంది. అందరికీ వైద్య బీమా ఇచ్చే చట్టంపై రామఫోసా పోలింగ్‌కు రెండు వారాల ముందు సంతకం చేశారు. డీఏ దాన్ని గట్టిగా వ్యతిరేకిస్తోంది. నల్లజాతీయులకు వ్యాపారాల్లో వాటా ఇచ్చే విధానం మీదా రెండు పార్టీలకు పడదు. ఇక మంత్రి పదవుల పంపకంలో ఎవరికి ఏ శాఖ అన్న లాగులాట కూడా తప్పలేదు.

ఈ కూటమి చీలితే లాభపడేది బయట కాచుకుని కూర్చున్న జుమా, మలేమాలే. నిలబడినా సరిపోదు. పోలింగ్ రోజు ఇంట్లోనే ఉండిపోయిన ఆ కోటి 15 లక్షల మందిలో ఎక్కువమంది అడుగుతున్నది ఉద్యోగం, కరెంటు, నీళ్లు. అవి రాకపోతే వచ్చే స్థానిక ఎన్నికల్లో ఏఎన్‌సీకి ఈ 40 శాతం కూడా నిలవడం కష్టమే.