గోల్స్ ఆపిన నయీముద్దీన్ గురువెలా అయ్యాడు? టెక్సాస్‌లో ఉన్న దారి కడప పల్లెల్లో ఎందుకు లేదు?

హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ పేరు ఇప్పుడు వినపడదు. 2021-22 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన టీమ్ అది. 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. అభిమానులు బాధపడ్డారు, సోషల్ మీడియాలో రెండు రోజులు చర్చ నడిచింది, అంతటితో సరి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ కప్పు గెలిపించిన కోచ్ మనోలో మార్కెజ్‌ది స్పెయిన్. విదేశీ కోచ్ రావడం తప్పేం కాదు. కానీ ఒకప్పుడు దేశం మొత్తానికి ఫుట్‌బాల్ కోచ్‌లను ఇచ్చిన ఊరు హైదరాబాద్. ఆ ఊరికి గురువుల కరువు ఎందుకొచ్చింది? ఈ ప్రశ్న హైదరాబాద్‌తోనే ఆగదు. పెండ్లిమర్రి, వేంపల్లె, ప్రొద్దుటూరు గ్రౌండ్లలో ఆడుతున్న పిల్లల దాకా వస్తుంది.

ఎవరీ నయీముద్దీన్?

సయ్యద్ నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆట డిఫెన్స్‌లో. అంటే గోల్ కొట్టడం ఆయన పని కాదు, ఎదుటి టీమ్ ఫార్వర్డ్‌ను అడ్డుకోవడమే పని. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌లో ఆడి, తర్వాత కోల్‌కతా వెళ్లారు. అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ లాంటి పెద్ద క్లబ్‌లకు ఆడారు.

ఆటగాడిగా ఆయన పేరు నిలిచిపోయింది 1970లో. బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు ఆయనే కెప్టెన్. మూడో స్థానం మ్యాచ్‌లో జపాన్‌ను 1-0తో ఓడించి మనోళ్లు కాంస్యం తెచ్చారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు ఇంకో పతకం రాలేదు. అర్ధ శతాబ్దం దాటినా అదే చివరిది. అదే ఏడాది ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

చాలామంది ఆటగాళ్ల కథ అక్కడితో ముగుస్తుంది. నయీముద్దీన్ కథలో రెండో సగం అక్కడి తర్వాతే ఉంది.

బూట్లు విప్పాక ఆయన కోచ్ అయ్యారు. 1990లో ఆయన కోచింగ్‌లో ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడూ గెలిచింది. అదే ఏడాది ఆయనకు ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఫుట్‌బాల్‌లో ఆ అవార్డు అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. ఆటగాడిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య.. ఫుట్‌బాల్‌లో రెండూ ఒకే మనిషికి దక్కడం మామూలు విషయం కాదు.

జాతీయ జట్టుకూ కోచ్‌గా చేశారు. ఆయన ఉండగానే 1997లో ఖాట్మండులో, 2005లో కరాచీలో భారత్ దక్షిణాసియా ఛాంపియన్ అయింది. తర్వాత బంగ్లాదేశ్ జాతీయ జట్టు కూడా ఆయన్ను పిలిపించుకుంది.

అన్నీ గెలుపులే అనుకోవద్దు. 2006 మొదట్లో ఆసియా కప్ క్వాలిఫయర్లలో జపాన్ చేతిలో 0-6తో, సొంత గడ్డపై యెమెన్ చేతిలో 0-3తో ఓడిపోయాం. ఆ ఏడాదే ఆయన పదవి పోయింది, ఇంగ్లండ్ కోచ్ బాబ్ హౌటన్ వచ్చారు. కోచ్ ఉద్యోగం అంటేనే అంత. గెలిస్తే పేరు ఆటగాళ్లది, ఓడితే తల కోచ్‌ది.

డిఫెండర్లే కోచ్‌లుగా ఎందుకు రాణిస్తారు?

కబడ్డీ చూసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రైడర్ కూతకు వస్తాడు. వాడి చూపు పాయింట్ మీదే. కార్నర్‌లో ఉన్నవాడు మాత్రం రైడర్ కాలు ఎటు కదులుతోంది, పక్కన కవర్ ఎక్కడున్నాడు, తాను పట్టేస్తే వెనకాల ఎవరొస్తారు.. ఇన్నీ ఒక్క క్షణంలో చూసుకోవాలి. ఒక్కడే ఎగబడితే పాయింట్ పోతుంది. ఏడుగురూ ఒక గొలుసులా కదిలితేనే రైడర్ దొరుకుతాడు.

ఫుట్‌బాల్‌లోనూ అంతే. గ్రౌండ్ మొత్తం వెనక నుంచి కనపడేది డిఫెండర్‌కే. ముందున్నవాళ్లను పేరు పెట్టి పిలిచి, ఎటు జరగాలో అరిచి చెప్పేదీ వాడే. అంటే ఆడుతున్నప్పుడే సగం కోచింగ్ చేస్తుంటాడు. అలాగని ప్రతి డిఫెండరూ కోచ్ అయిపోడు. హైదరాబాద్‌కు చెందిన మహా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అసలు వృత్తి బడిపంతులు. ఆయన చేతిలోనే దేశం 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆట తెలియడం ఒకటి, నేర్పడం ఇంకొకటి. రెండోది కూడా నేర్చుకోవాల్సిందే.

టెక్సాస్‌లో ఏం జరిగింది?

మన జిల్లా పిల్లలు చదువుకోసం, ఉద్యోగాలకోసం టెక్సాస్ వెళ్లడం కొత్త కాదు. హ్యూస్టన్‌లో ఉన్న బంధువుని అడిగితే అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ టెక్సాన్స్ గురించి చెబుతారు. ఆ ఆటలో బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారు, అడ్డుకునేవాళ్లు మీద పడి పడగొడతారు. చూడ్డానికి మన కబడ్డీ పట్టుకు దగ్గరగా ఉంటుంది.

ఆ టీమ్ హెడ్ కోచ్‌గా 2023లో వచ్చిన డెమెకో రయాన్స్ ఒకప్పుడు అదే టీమ్‌లో డిఫెండర్. 2006లో టెక్సాన్స్‌లో చేరి, మొదటి ఏడాదే లీగ్‌లో ఉత్తమ కొత్త డిఫెండర్ అవార్డు కొట్టాడు. తర్వాత రెండుసార్లు మడమ నరం తెగింది. 2015 సీజన్‌తో ఆట ఆగిపోయింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. అంత పేరున్న ఆటగాడు 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో టీమ్‌లో చేరింది అట్టడుగు ఉద్యోగంలో. మ్యాచ్ వీడియోలు చూడటం, నోట్స్ రాయడం లాంటి పనులు. మరుసటి ఏడాది కొందరు ఆటగాళ్లకు కోచ్ అయ్యాడు. 2021లో డిఫెన్స్ మొత్తానికి ఇన్‌ఛార్జ్. 2023లో హెడ్ కోచ్. ముందు సీజన్‌లో మూడే మూడు మ్యాచ్‌లు గెలిచిన టెక్సాన్స్, ఆయన వచ్చిన ఏడాది పది గెలిచి డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

ఆరేళ్లలో నాలుగు మెట్లు. ఆ మెట్లు ఆయన కట్టుకున్నవి కావు, వ్యవస్థలో ఉన్నవే. మాజీ ఆటగాళ్లు, కాలేజీ కోచ్‌లు పెద్ద టీమ్‌ల ట్రైనింగ్ క్యాంపులకు వెళ్లి పని నేర్చుకునేలా 1987 నుంచి బిల్ వాల్ష్ పేరుతో ఒక ఫెలోషిప్ కూడా అక్కడ నడుస్తోంది. అది చాలదని, అవకాశాలు అందరికీ సమానంగా రావట్లేదని అక్కడ కూడా గొడవలున్నాయి. అయినా కాలు పెట్టడానికి ఒక మొదటి మెట్టు ఉంది.

మరి మన దగ్గర?

కడప జిల్లాలో ఆటకు లోటు లేదు. హైస్కూల్ పిల్లలు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ బాగా ఆడతారు. కడప పుట్లంపల్లిలో డాక్టర్ వైఎస్ఆర్ స్పోర్ట్స్ స్కూల్ ఉంది. పక్క జిల్లా అనంతపురంలో ఆర్డీటీ పల్లె పిల్లలకు ఫుట్‌బాల్, హాకీ నేర్పుతోంది. అంటే పిల్లాడు ఆటలోకి రావడానికి దారి ఉంది.

ఆట నుంచి బయటికి వెళ్లేటప్పుడు దారి లేదు. పెండ్లిమర్రి మండలంలో ఒక కుర్రాడు కబడ్డీలో మంచి కార్నర్ అనుకోండి. స్కూల్ గేమ్స్‌లో జిల్లా దాటి, రాష్ట్రం దాకా వెళ్తాడు. సర్టిఫికెట్లు ఫైల్‌లో చేరతాయి. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి మోకాలు నొప్పి, ఇంట్లో పెళ్లి మాటలు, అప్పులు. కువైట్ వీసా వస్తే కువైట్. లేకుంటే ఏదో ఒక ప్రైవేట్ ఉద్యోగం. పదేళ్లు గ్రౌండ్‌లో దెబ్బలు తిని నేర్చుకున్న ఆ పట్టు, ఆ టైమింగ్ వాడితోనే పోతాయి. వాడి తమ్ముడు వయసు పిల్లలు మళ్లీ మొదటి నుంచి, ఎవరూ చెప్పకుండా, అవే దెబ్బలు తింటూ నేర్చుకుంటారు.

రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. మంచిదే, చాలా ఇళ్లు నిలబడతాయి. కానీ కోటాలో ఉద్యోగం వచ్చినవాడు ఆఫీసులో ఫైళ్లు చూసుకుంటాడు. స్టేషన్ డ్యూటీ చేస్తాడు. ఆటగాడికి జీతం దొరికింది, ఊరికి మాత్రం కోచ్ దొరకలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ టీమ్‌ను తయారుచేసిన కోచ్ రహీమే. అంటే ఉద్యోగం, ఆట, నేర్పడం ఒకేచోట ఉండేవి. ఆ మూడూ విడిపోయాయి.

ఏం చేయొచ్చు?

కోట్లు అక్కర్లేదు. చేయగలిగినవి ఇవీ..

1. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం పొందినవాళ్లకు వారంలో కొన్ని సాయంత్రాలు దగ్గర్లోని హైస్కూల్ గ్రౌండ్‌లో కోచింగ్ ఇవ్వడాన్ని డ్యూటీగానే లెక్కించాలి.

2. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. రాష్ట్ర స్థాయిలో ఆడి, ఆట ఆపేసిన కుర్రాళ్లను ఏటా మండలానికి ఒకరిని ఎంపిక చేసి, ఆ ఖర్చు ప్రభుత్వమో దాతలో భరించాలి.

3. ఫుట్‌బాల్‌లో కోచింగ్ లైసెన్సులకు డి నుంచి సి, బి, ఏ, ప్రో దాకా వరస ఉంది. కిందిస్థాయి కోర్సులు జిల్లా కేంద్రాలకు వస్తేనే మన పిల్లలకు అందుతాయి.

4. వ్యాయామ ఉపాధ్యాయుడికి ఒక సహాయకుడు ఉండాలి. వందల మంది పిల్లలున్న బడిలో ఒక్క పీఈటీ అన్ని ఆటలూ నేర్పాలంటే కుదిరే పని కాదు.

లాభం ఎవరికి?

ఆడపిల్లల విషయంలో ఈ లోటు ఇంకా ఎక్కువ. సాయంత్రం ప్రాక్టీస్‌కు పంపాలంటే తల్లిదండ్రులు ముందు అడిగేది గ్రౌండ్‌లో ఎవరుంటారనే. ఆ ఊరి కోడలో, కూతురో ఒకప్పటి ప్లేయర్ కోచ్‌గా నిలబడితే సగం ఇళ్ల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి.

ఫుట్‌బాల్‌లో నయీముద్దీన్ తర్వాత మరో ద్రోణాచార్య రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 2022 అవార్డుల్లో ముంబైకి చెందిన బిమల్ ఘోష్‌కు, 2024కు గోవాకు చెందిన అర్మాండో కొలాసోకు జీవితకాల విభాగంలో ఇచ్చారు. ఇద్దరూ తెలుగు నేల బయటివాళ్లే. పతకం రానప్పుడు మనం ఆటగాళ్లను తిడతాం. వాళ్లకు నేర్పడానికి ఎవరున్నారన్నది మాత్రం అడగం.

ఈసారి మీ ఊరి టోర్నమెంట్‌లో కప్పు ఇచ్చేటప్పుడు ఒక లెక్క తీయండి. గత పదేళ్లలో మీ ఊరి తరఫున బాగా ఆడినవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఇప్పుడు గ్రౌండ్‌లో పిల్లల పక్కన ఉన్నవాళ్లు ఎంతమంది? ఆ రెండు అంకెల మధ్య తేడాయే మనం పోగొట్టుకుంటున్నది.